తోలుపట్టీకి కొట్టిన రివెట్లు

నా చిన్నప్పుడు నా కుడికాలు రెండు ఇనుప కమ్మీల మధ్య నడిచేది. ఏడాది నిండకముందే వచ్చిన ఒక జ్వరం ఆ కాల్లో ఉన్న బలాన్నంతా పట్టుకుపోయిందని అమ్మ చెప్పేది. పోలియో అన్న మాట మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. "ఆ జ్వరం" అనేవాళ్లు, అంతే. పెద్దాసుపత్రిలో కొలత తీసి చేయించి ఇచ్చిన ఆ సాధనానికి కింద ఒక నల్ల బూటు ఉండేది. బూటుకు ఇరువైపులా తొడదాకా పోయే కమ్మీలు, పిక్క దగ్గర ఒక తోలుపట్టీ, తొడ దగ్గర ఇంకొకటి. మోకాలి దగ్గర చిన్న ఇనుప ఉంగరం. లేచి నిలబడగానే దాన్ని కిందికి జార్చితే మోకాలు బిగుసుకుంటుంది, కూర్చోవాలంటే మళ్లీ పైకి లాగాలి. బడికైనా ఆరాధనకైనా నేను వస్తున్న సంగతి నా కంటే ముందు ఆ ఉంగరం చప్పుడే వెళ్లి చెప్పేది.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చర్చిలో పాటలు, ప్రసంగం, వాక్యపఠనం అన్నీ తమిళంలోనే. ఇంటికి వచ్చి చాప మీద మోకరిస్తే మాత్రం మా తెలుగు, ఏ పుస్తకంలోనూ లేని తెలుగు. నాన్న లారీ మీద ఉత్తరాదికి పోతే వారాల తరబడి వచ్చేవాడు కాదు. అమ్మ ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెల అట్టలకు జిగురు పూసి అంటించేది. ఇంటికి పెద్ద దిక్కు మా తాతయ్య, అమ్మకు తండ్రి. ఆయన ఇనుప పెట్టెలు, బకెట్లు చేసే షెడ్డులో పని చేసేవాడు. సంఘంలో పెద్ద కూడా. తెల్లవారుజామున లేచి, నేను నిద్రలో ఉండగానే నా సన్నటి కాలి మీద అరచేయి ఆనించి ప్రార్థన చేసేవాడు. ఎన్నోసార్లు మెలకువ వచ్చినా కళ్లు తెరవకుండా పడుకునేదాన్ని. ఆ చేతి బరువు పోతుందేమోనని.

సెలవుల్లో నన్ను షెడ్డుకు తీసుకుపోయేవాడు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చూసేదాన్ని. బకెట్టు చెవులను అంచుకు అతికించడం ఆయన పని. రేకులోనూ చెవిలోనూ ఒకే వరసలో రంధ్రాలు పొడిచి, వాటిలోంచి రివెట్టు దూర్చి, కింద ఇనుపదిమ్మె ఆనించి, పైకి వచ్చిన మొనను సుత్తితో చుట్టూ తట్టేవాడు. మొన మెల్లగా విచ్చుకుని పుట్టగొడుగులా తల కట్టేది. రివెట్టుకు ఒక తల పుట్టుకతోనే ఉంటుందనీ, రెండో తలను మనం కొట్టి పుట్టించాలనీ ఆయన చెప్పేవాడు. మరమేకును తిప్పిన చెయ్యి దాన్ని మళ్లీ వెనక్కి తిప్పగలదు. రివెట్టుకు ఆ దారి లేదు. రెండో తల కట్టిందంటే ఇక అది వెనక్కి రాదు, తల నరికితే తప్ప. "అందుకే కొట్టేముందే రెండుమాట్లు ఆలోచించాల పాపా" అనేవాడు. నాకు అదంతా బకెట్ల సంగతే.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. నాకు పదేళ్లయితే ఆమెకు పదిహేడో పద్దెనిమిదో. ఆమెకు ఎడమకాలు. ఆమెకూ కమ్మీల బూటే. ఒకే జ్వరం రెండిళ్ల తలుపులూ తట్టిందని వీధివాళ్లు అనుకునేవారు. నేను ఏడ్చే చోట ఆమె నవ్వేది. ఇద్దరం ఆరాధనకు పోతుంటే నేను వెనకబడితే చాలు, ఆగి మొదలుపెట్టేది.

"ఏమే సైకిలూ, చైను ఊడిందా? ఇంత మెల్ల వస్తాండావే."

"నువ్వు లారీవి. నీ మాదిరి నాకు అయితాదా?"

"లారీ అంటే లారీనే. హారను కొట్టేదా?" అని తన మోకాలి ఉంగరాన్ని టకటకమని ఆడించేది. దారిన పోయేవాళ్లు తిరిగి చూస్తే ఇంకా ఎక్కువగా ఆడించేది. ఆ నవ్వు వెనక ఏముందో నాకు పదేళ్లు వచ్చిన వేసవిలో తెలిసింది.

ఆ వేసవిలో విరుదునగర్ మైదానంలో స్వస్థత కూడికలు పెట్టారు. బయటూరి నుంచి పేరున్న ప్రసంగీకుడు వస్తున్నాడని, గుడ్డివాళ్లు చూస్తున్నారని, కుంటివాళ్లు లేచి నడుస్తున్నారని మా సంఘంలో చెప్పుకున్నారు. అమ్మ ఉపవాసం మొదలుపెట్టింది. అగ్గిపెట్టెలు అంటిస్తూ పెదవులు కదిలిస్తూనే ఉండేది. పక్కింటి అక్క మా గడపలో కూర్చుని, నడక వచ్చాక ఏమేం చేయాలో చెప్పేది. ముందు చెప్పులు కొనాలట, రెండు పాదాలకూ ఒకే కొలతవి. నేను అయితే తాడాట ఆడాలనుకున్నాను. పిల్లలు ఎగురుతుంటే తాడు చివర పట్టుకుని తిప్పడమే నా పనిగా ఉండేది.

నేను పూర్తిగా నమ్మాను. ఇందులో దాచేది లేదు, ఇప్పటికీ నమ్ముతాను. నీళ్లను ద్రాక్షారసం చేసినవాడికి నా కాలు ఎంత పని?

మొదటి సాయంకాలం కూడికకు మా తాతయ్య సంఘం వాళ్లతో కలిసి ముందుగా వెళ్లి వచ్చాడు. వెళ్లేటప్పుడు పాట పాడుతూ వెళ్లినవాడు తిరిగి వచ్చాక మాట్లాడలేదు. ఎట్లా జరిగిందని అమ్మ అడిగితే జనం బాగా వచ్చారని మాత్రం చెప్పాడు. మర్నాడు పొద్దున పళ్లెం ముందు కూర్చుని, తినకుండా, పాపను తీసుకుపోతే తీసుకుపో కానీ కమ్మీలు మాత్రం తీయనియ్యవద్దు అన్నాడు. అమ్మ చేతిలో ఉన్న గరిటె ఆగిపోయింది.

"ఇనుము తీసి అడుగేస్తేనే గదా నాయనా విశ్వాసం? నడిచినాక తీసేదానికి విశ్వాసమెందుకు?"

"కాలు ముందర నిలబడనీ అమ్మే. ఇనుము యాడికీ పోదు."

"సంఘపెద్దవు నువ్వు. నువ్వే ఇట్ల అంటే నేను ఎవురితో చెప్పుకునేది?"

ఆయన కంచం పక్కకు జరిపి చెయ్యి కడుక్కున్నాడు. మా అమ్మ తండ్రికి ఎదురు చెప్పడం నేను చూసింది అదే మొదటిసారి. గెలిచింది అమ్మేనని లోపల్లోపల సంతోషపడ్డాను.

మధ్యాహ్నం నన్ను షెడ్డుకు పిలుచుకుపోయాడు. తొడపట్టీకి రంధ్రాలు సాగిపోయి బకిలు పిన్ను జారుతూ ఉండేది. నడుస్తూ ఉండగా రెండుసార్లు ఊడింది కూడా. "తోలు ఓటిదైపోయింది పాపా. దూరం పోవాల. కాలు సాపు" అన్నాడు. పాత పట్టీలు విప్పి కొత్త దళసరి తోలు వేశాడు. కాలికి ఒరుసుకోకుండా లోపల మెత్తటి గుడ్డ కుట్టాడు. పట్టీని నా తొడ చుట్టూ తిప్పి, నొప్పిగా ఉందా, వేలు దూరుతుందా అని అడిగి సరిచూశాడు. తోలు కిందనుంచి ముందే దూర్చి ఉంచిన రాగి రివెట్టు మొనలు పైకి వచ్చి నిలబడ్డాయి. వాటి మీద చిన్న బిళ్లలు తొడిగి, తోలుకూ నా తొడకూ మధ్య మడిచిన తువ్వాలు, దాని మీద పలచటి ఇనుపరేకు జార్చి, సుత్తితో మెల్లగా తట్టసాగాడు. దెబ్బ దెబ్బకూ నా ముఖం చూస్తూ తట్టాడు. పిక్కపట్టీకి కూడా అట్లాగే. నాకు చక్కిలిగింత పుట్టి నవ్వాను. ఆయన నవ్వలేదు.

అప్పుడే పక్కింటి అక్క ఏదో పనిమీద బజారుకు వచ్చి షెడ్డు ముందు ఆగింది. "నీదీ ఇయ్యి పాపా, బిగించి ఇస్తా" అన్నాడు తాతయ్య. ఆమె తన కాలు చాపి చూపించింది. "నాది కొత్తది తాతా. ఇంగ ఒక పూట ఓర్చుకుంటే సాలు, ఆ పైన నీ షెడ్డులో పాత ఇనుముకు ఏసుకో." ఆయన ఇంకేదో అనబోయి ఆగిపోయాడు.

సాయంకాలం బస్సులో సాత్తూరు దగ్గర కిటికీల కిందికి దోసకాయలమ్మేవాళ్లు వచ్చారు. అక్క ఒకటి కొని ఉప్పుకారం అద్ది నాకు సగం ఇచ్చింది. తిరుగు ప్రయాణంలో తానే దిగి కొంటుందట, బస్సు కదిలిపోతే వెనక పరిగెత్తి ఎక్కుతుందట. ముందు సీటులో ఉన్న అమ్మ వెనక్కి తిరిగి నవ్వింది. ఉపవాసంతో ఎండిపోయిన ఆమె ముఖం ఆ ఎండలో వెలిగిపోతున్నట్టు నాకు కనిపించింది. తాతయ్య మాత్రం కిటికీ బయట నల్లరేగడి చేలను చూస్తూ కూర్చున్నాడు.

మైదానం నిండా జనం. వేదిక మీద ఎర్ర తివాచీ, ట్యూబులైట్లు, రెండు వైపులా మనిషంత ఎత్తు స్పీకర్లు. వేదిక ఒక మూలన చంకకర్రలు, చేతికర్రలు, కమ్మీల బూట్లు కుప్పగా పోసి ఉన్నాయి. వదిలేసి నడిచి వెళ్లినవాళ్లవి అని చెప్పారు. ఆ కుప్పలో నా బూటుకు చోటు వెతికాను. కాసేపట్లో నాదీ అందులోనే. పాటలు అయ్యాయి, వాక్యం అయింది. ప్రసంగీకుడు కళ్లు మూసుకుని, నడవలేని బిడ్డలను పైకి తీసుకురమ్మన్నాడు. అమ్మ నన్ను ఎత్తుకున్నంత పని చేసి మెట్లెక్కించింది. వెనకే అక్క, వాళ్లమ్మ.

ప్రసంగీకుడు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. ఆ చెయ్యి వేడిగా ఉంది. నాకు ఒళ్లంతా పులకరించింది. తర్వాత ఆయన ఇనుము తీసేయమన్నాడు. సహాయకుడు ఒకడు వంగి నా గౌను కొంచెం జరిపి పట్టీ తడిమాడు. ముందుకు తడిమాడు, వెనక్కు తడిమాడు. పిక్కపట్టీ తడిమాడు. బకిలు లేదు. పట్టీ మొదలూ చివరా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. గట్టిగా లాగాడు. తోలు కదలలేదు. నేను కిందికి చూసుకున్నాను. ఆ మధ్యాహ్నం నవ్వుతూ చూసిన రాగితలలు ట్యూబులైటు వెలుగులో మెరుస్తున్నాయి. అప్పటికి గానీ నాకు తెలియలేదు, తాతయ్య పట్టీని బాగుచేయలేదనీ, మూసేశాడనీ.

"ఇది ఎవరు చేసినారు?" అని ప్రసంగీకుడు అడిగాడు. మైకు నా ముఖం ముందే ఉంది. "మా తాత" అన్నాను. ఆ మాట మైదానమంతా మోగి, ఎదుటి గోడకు తగిలి మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఎక్కడో కొందరు నవ్వారు. అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మైకుసెట్టు మనిషిని పట్టకారుతో రమ్మన్నారు. అతను వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని చూసి తల అడ్డంగా ఊపాడు.

"అయ్యా, రివిట్టు ఇది. పట్టకారుకు రాదు. ఉలి పెట్టి తల నరకాల. బిడ్డ తొడ మీద ఉలి పెట్టేదా?"

ప్రసంగీకుడు లేచి నిలబడి, ఈ బిడ్డ విశ్వాసానికి ఈమె ఇల్లే సంకెల వేసిందని జనంతో చెప్పాడు. జనం అయ్యో అన్నారు. నన్ను, అమ్మను వేదిక పక్కకు నిలబెట్టారు. నేను జనంలో తాతయ్య కోసం వెతికాను. ముందువరుస పక్కన, కొయ్య పాతినట్టు నిలబడి ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన్నే చూస్తున్నారు. మా సంఘం వాళ్లు కూడా. ఆయన తల దించుకోలేదు. నన్నే చూస్తున్నాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

తర్వాత అక్క. ఎవరూ ముట్టుకోనక్కర లేకపోయింది. తివాచీ మీద కూర్చుని, తన బకిళ్లు తానే విప్పింది. నవ్వుతోంది, ఏడుస్తోంది. బూటుతో సహా కమ్మీలను రెండు చేతులా ఎత్తి జనానికి చూపించింది. సహాయకుడు తీసుకుపోయి కుప్ప మీద వేశాడు. ప్రసంగీకుడు చేతులు పట్టి లేపాడు. ఆమె లేచి నిలబడింది. ఆయన చేతులు వదిలాడు. ఆమె నిలబడే ఉంది.

ఒక అడుగు వేసింది. నేను నా కళ్లతో చూశాను. ఆ సన్నటి కాలిని ముందుకు విసిరి, మంచికాలి మీద ఒరిగి, మళ్లీ విసిరి, నడిచింది. మైదానం హోరెత్తింది. అక్క వాళ్లమ్మ నేల మీద సాగిలపడింది. హల్లెలూయా అని నేనూ అరిచాను. ఆ అరుపులో సంతోషం ఎంత, నాకు రాలేదన్న దుఃఖం ఎంత అని అడిగితే చెప్పలేను. అక్క నావైపు చూసి కన్ను గీటింది. పరిగెత్తు అన్నారెవరో. ఆమె ఇంకొంచెం వేగంగా అడుగేసింది. తివాచీ అయిపోయే చోట ఆ కాలు ఒక్కసారిగా ముడుచుకుంది. వేదిక అంచు మీదనుంచి ఆమె కిందికి, నా కళ్ల ముందునుంచి మాయమైపోయింది.

నన్ను ఇప్పటికీ నిద్రలో ఉలికిపడేటట్టు చేసేది ఆ పడిపోవడం కాదు, ఆ తర్వాత జరిగింది. పాట ఆగలేదు. వాయించేవాళ్లకు కనిపించలేదేమో అనుకున్నాను ముందు. కనిపించింది. ఎవరో చెయ్యి ఊపారు, డప్పు ఇంకా గట్టిగా మోగింది, స్పీకర్ల శబ్దం పెరిగింది. ఆ పాట కింద అక్క అరుస్తూ ఉంది. నోరు తెరుచుకుని ఉండటం కనిపిస్తోంది, అరుపు వినబడటం లేదు. ఆమె తొడ ఉండకూడని చోట వంగి ఉంది.

జనాన్ని తోసుకుంటూ మా తాతయ్య మెట్లెక్కాడు. అక్క కింద పడి ఉంటే ఆయన పైకి ఎక్కాడేమని అందరూ చూశారు. నేరుగా ఆ కుప్ప దగ్గరికి పోయాడు. కర్రలు పక్కకు నెట్టి, బూట్లు ఒక్కొక్కటే తిప్పి చూసి, అక్క కమ్మీలు బయటికి లాగాడు. సహాయకుడు అడ్డం నిలబడ్డాడు.

"అవి దేవునికి ఇచ్చినవి తాతా. ముట్టగూడదు."

"దేవునికి కాలు ఇరగలేదప్పా. కింద ఆ బిడ్డకు ఇరిగింది. తప్పుకో."

మైకు దగ్గరలోనే ఉంది. ఈ మాట కూడా అందరికీ వినబడింది. అప్పుడు ఆగింది పాట.

ఆయన కిందికి దిగి, తన పైపంచె అక్క నోటికి ఇచ్చి కొరకమన్నాడు. కాలు మెల్లగా చక్కగా సాగదీసి, ఆమె విప్పేసిన కమ్మీలనే ఇరువైపులా ఆనించి, పట్టీలు బిగించాడు. విరిగిన తొడ కదలకుండా ఆ ఇనుమే కాపు కాసింది. ఒక బల్ల మీద పడుకోబెట్టి, మైకుసెట్టు సామాన్లు తెచ్చిన వ్యానులో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ మైకుసెట్టు మనిషే నడిపాడు. ప్రసంగీకుడు ఆ తర్వాత ఏం చెప్పాడో నాకు తెలియదు. ఆయనకు నేను తీర్పు తీర్చను. ఆయన ప్రార్థన చేసినప్పుడు నా ఒళ్లు పులకరించిన మాట నిజం.

ఆసుపత్రి వరండాలో అమ్మ, అక్క వాళ్లమ్మ లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. నేను తాతయ్యకు కొంచెం దూరంగా కూర్చున్నాను. నాకు అక్క మీద జాలి, ఆయన మీద కోపం, రెండూ ఉన్నాయి. చివరికి అడిగేశాను, నువ్వు దేవుణ్ని నమ్మలేదా తాతా అని. ఆయన ముందురోజు తాను చూసింది చెప్పాడు. కూడిక అయిపోయాక వేదిక వెనక ఒక ముసలాయన నేలను చేతులతో తడుముకుంటూ ఉన్నాడట. చూపు వచ్చిందని మైకులో సాక్ష్యం చెప్పినాయనే. నా కర్ర, నా కర్ర అంటున్నాడట. చుట్టూ తెర విప్పేవాళ్లు ఎవరి పనిలో వాళ్లు ఉన్నారట. తాతయ్య ఆయన్ను చెయ్యి పట్టి బస్సుదాకా నడిపించాడట.

"సెరసాలలో అపొస్తలుడి కత నీకు తెలుసు గదా కన్నూ. సంకెళ్లు ఎట్ల పోయినాయి?"

ఆదివారం బడిలో ఆ కథకు బహుమానం తెచ్చుకున్నదాన్ని నేను. "దేవదూత వచ్చి తట్టి లేపగానే వాటంతట అవే ఊడిపడినాయి" అన్నాను.

"దూత ఉలి తెచ్చినాడా? పట్టకారు తెచ్చినాడా? నీ కాలు నిలబెట్టేవాడికి నా రివిట్లు అడ్డమా? ఎండిన ఆకు మాదిరి రాలిపోవూ? ఆయన వంతు ఆయనకే ఇడిసిపెట్టినా. మనుషుల సేతుల్లో ఉండే వంతు ఒగటే నేను మూసేసినా."

అంతవరకూ ఆయనకు విశ్వాసం తక్కువని అనుకుంటున్నాను. అక్కడ కూర్చుంటే తెలిసింది, ఆ మైదానంలో దేవుడు ఏమైనా చేయగలడని అందరికంటే గట్టిగా నమ్మినవాడు, రివెట్లు కొట్టినవాడేనని. అక్క సంగతి అడిగాను. ఆయన ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. "ఒగమాటు అడిగినా. ఇంగొకమాటు అడిగుండాల" అన్నాడు. భుజాలు కదులుతుంటే, తాతయ్యలు కూడా ఏడుస్తారా అని భయంగా చూస్తూ ఉండిపోయాను.

అమ్మ ఎప్పుడు వచ్చి మా వెనక నిలబడిందో తెలియదు. తండ్రి పక్కన నేల మీద కూలబడింది. తిడుతుందనుకున్నాను. తన రెండు చేతులు ముందుకు చాపి, జిగురు మరకలు ఉన్న ఆ వేళ్లనే చూసుకుంటూ ఉంది.

"రివిట్లు లేకుంటే నేనే ఇప్పుతుంటిని నాయనా. ఈ సేతుల్తో నేనే, స్తోత్రం స్తోత్రం అంటా ఇప్పుతుంటిని."

తెల్లవారాక అమ్మ అక్కడే ఉండిపోగా నేను, తాతయ్య కోవిల్‌పట్టికి తిరిగి వచ్చాం. నేరుగా షెడ్డుకే. నా కాలు ఉబ్బి తోలు కింద దురద పెడుతోంది. ఆయన ఆకురాయితో రివెట్టు తలలు అరగదీసి, రేకు జార్చి, ఉలి ఆనించాడు. సుత్తి ఎత్తలేదు. నా ముందు మోకాళ్ల మీద ఉన్న ఆ పెద్దమనిషి నా ముఖంలోకి చూశాడు.

"నిన్ను అడక్కుండా కట్టేసినా పాపా. కాలు నీది. అది నా తప్పే."

"అడిగుంటే నేను ఒప్పుకోను తాతా."

"తెలుసు. అందుకే బయపడి అడగలే. ఇంగ నీకు తెలియకుండా ఎవురూ కట్టగూడదు, ఎవురూ ఇప్పగూడదు. నేనైనా సరే."

పెద్దవాళ్లు పిల్లల దగ్గర తప్పు ఒప్పుకుంటారని అంతవరకు నాకు తెలియదు. ఆ రెండు రోజుల్లో చూసినవాటన్నిటిలో నన్ను ఎక్కువగా అదరగొట్టింది అదేనేమో. నేను తల ఊపాక ఒక్కో దెబ్బకు ఒక్కో తల ఎగిరిపోయింది. కాలు కడిగి నూనె రాశాడు. కొత్త బకిళ్లు తెచ్చి తోలుకు కుట్టాడు. అంతవరకూ ఆ పట్టీలు రోజూ అమ్మ బిగించేది. ఆ పొద్దున ఆయన పట్టీ కొస నా చేతికి ఇచ్చి, వెనక్కి జరిగి కూర్చున్నాడు. నాకు సరిగ్గా రాలేదు. ఆయన సాయానికి రాలేదు. మళ్లీ ప్రయత్నించాను. బకిలు పిన్ను రంధ్రంలోకి దిగింది.

అక్క చాలాకాలం మంచంలోనే ఉంది. ఎముక అతికింది కానీ కాలు ఇంకొంచెం పొట్టిదైంది. మొదటిసారి చూడ్డానికి పోయినప్పుడు, "ఏమే సైకిలూ, నీకు మాత్రం పూటు ఏసి తాళంచెవి దాసినారే" అని నవ్వింది. నవ్వు మధ్యలోనే గోడవైపు తిరిగిపోయింది. తర్వాతి ఆదివారాలు సంఘంలో కొందరు తాతయ్య పక్కన కూర్చోలేదు. ఆయన తన చాప మీదే కూర్చున్నాడు. అక్క మళ్లీ ఆరాధనకు వచ్చిన రోజు అందరినీ దాటుకుని వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. ఆ తర్వాత ఆ పక్క ఖాళీగా ఉండలేదు.

ఇప్పుడు తాతయ్య ప్రభువు దగ్గర ఉన్నాడు. మా సంఘంలో పిల్లలకు నేను పెద్దమ్మను. రోగుల కోసం ప్రార్థించమని నన్ను పిలుస్తారు. పోతాను. కన్నీళ్లతో, గట్టిగా, ఇప్పుడే జరగాలని అడుగుతాను. జరగడం చూశాను కూడా. అయినా మందు ఆపమని గానీ, కర్ర వదలమని గానీ నా నోట ఏనాడూ రాలేదు. నా కాలు మాత్రం ఇంకా కమ్మీల మధ్యనే నడుస్తోంది. పొద్దున లేచి మంచం అంచున కూర్చుని పిక్కపట్టీ, ఆపైన తొడపట్టీ నా చేతులతోనే బిగించుకుంటాను. నా రోజులో మొదటి ప్రార్థన అదే. మాటలు కొన్నే. ప్రభువా, నీ వంతు నీ ఇష్టం. నా వంతు ఇదిగో, బిగించుకున్నాను. ఆ పైన మోకాలి ఉంగరం జార్చి, లేచి నిలబడతాను.